వెచ్చని ఇంటి అటక

గని ఊళ్ళో, ఆ వీధి మొత్తానికీ కుల్యాష్ ఇల్లే వెచ్చనిది. స్తెపీ గడ్డిమైదానం మీదినుంచి మంచుతుఫాను విసిరికొట్టే రోజుల్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కుట్టుపనులు చంకన పెట్టుకొని ఆమె వంటింట్లోకి చేరేవారు. ఒక్క బాల్చీ బొగ్గుతో పొయ్యి రాజేస్తే ఆ వేడి తెల్లవారేదాకా గోడలను విడిచిపోయేది కాదు. అలాంటి ఇంటికి ఈమధ్య రాకపోకలు తగ్గిపోయాయి. వచ్చినవాళ్ళు కూడా చాయ్ తాగి వెంటనే లేచిపోతున్నారు. ఎందుకని అడిగితే ఏదో ఒక పని చెప్పి తప్పించుకుంటారు. పక్కింటి బికెన్ ఒక్కతే దాపరికం లేకుండా అనేసింది.

"కూర్చుంటే వెచ్చగానే ఉంటుందే నీ ఇంట్లో. కాని నెత్తిమీద ఎవరో మెల్లగా నడుస్తున్నట్టుంటుంది. నీ మొగుడు బతికుండగా కూడా అంత మెల్లగా నడవలేదు కదా!"

"పిల్లులై ఉంటాయి లేవే" అంది కుల్యాష్.

ఆ ఇంట్లో పిల్లి లేదు. పైకప్పు కిందున్న అటకలోకి పిల్లి దూరే సందూ లేదు.

కుల్యాష్ ఆ ఊరి పిల్ల కాదు. పశువులు మేపుకొనే కుటుంబంలో పుట్టింది. పెళ్ళీడుకు రాకముందే ఊరికి వచ్చి, గనిలోంచి తవ్వితీసిన రాతినారను సంచులకెత్తే కర్మాగారంలో సంచులు కుట్టే పనికి కుదిరింది. ఇళ్ళకు కప్పే సిమెంటు రేకుల్లో కలిపేది ఆ నారనే. చూడటానికి రాయిలా ఉంటుంది. వేళ్ళతో నలిపితే దూదిలా విచ్చుకుంటుంది. భోజనాల వేళ ఆడపిల్లలు దాన్ని ఉండలు చేసి, మంచుముద్దల్లాగా ఒకరిమీద ఒకరు విసురుకొనేవారు. కొత్త సంవత్సరానికి నిలబెట్టిన చెట్టు కొమ్మలమీద మంచుకు బదులు దాన్నే పరిచేవారు. ఆ రోజుల్లోనే తొలెగెన్ అనే కుర్రాడు ఆమె ఎదుట నిలబడి, పిడికెడు నార పొయ్యిలో వేసి చూపించాడు. నిప్పుల మధ్య అది ఎర్రబడింది కాని కాలలేదు.

"చూశావా? నా మనసూ ఇలాంటిదే. ఎంత మంటలో వేసినా కాలదు."

"నిప్పంటని మనసు నాకెందుకు? దానిమీద చాయ్ కాగదుగా!" అంది కుల్యాష్.

పక్కనున్న ఆడపిల్లలు పగలబడి నవ్వారు. ఆ శీతాకాలం దాటకముందే పెళ్ళయింది.

బొగ్గుకు కరువొచ్చిన ఏడు ఊరంతా ఒక్క ఉపాయమే పన్నింది. పని దిగి ఇంటికి వస్తూ కోటు కింద కొంచెం, చంకన కొంచెం నార దాచి తెచ్చుకోవడం, వేడి పైకి పోకుండా అటకమీద పరచుకోవడం. అది కర్మాగారం సొత్తు; చెప్పకుండా తేవడం తప్పే. అయినా అందరూ తెచ్చారు. తొలెగెన్ అందరికంటే ఎక్కువ తెచ్చాడు. అతని అటకమీద నార మోకాలి ఎత్తున పేరుకుంది. ఉన్నిబూట్లు తొడుక్కొని, దంతెపారతో దాన్ని చదునుచేసి కిందికి దిగేటప్పుడు అతడు తలనుంచి పాదాలదాకా తెల్లగా, ఎవరో ముసలి తాత మాదిరిగా ఉండేవాడు. కుల్యాష్ అతని బట్టలు పెరట్లో గట్టిగా దులిపి లోపలికి తెచ్చేది. పెళ్ళయిననాటినుంచీ అదే అలవాటు.

జబ్బుచేసిన తరువాత తొలెగెన్‌ను పట్టణం తీసుకువెళ్ళారు. అక్కడి వైద్యుడు చాలాసేపు వీపుమీద చెవి పెట్టి విన్నాడు. ఊపిరితిత్తులు గట్టిపడి బిగుసుకుపోతున్నాయన్నాడు. ఆ తరువాత అడిగాడు.

"ఇంట్లో ఎక్కడైనా ఆ నార ఉందా?"

"లేదు" అన్నాడు తొలెగెన్.

ఆ జవాబు ఇచ్చినప్పుడు అతని ముఖంలో కనిపించింది జబ్బు భయం కాదని కుల్యాష్ గ్రహించింది. దొంగతనం బయటపడుతుందన్న భయం అది. ఇంటికి వచ్చాక భార్య చేతిని పట్టుకొని మాట తీసుకున్నాడు.

"అటక సంగతి పైకి పొక్కనీయకు కుల్యాష్. నన్ను దొంగ అనకూడదు ఎవరూ."

ఆమె ఒప్పుకుంది. మరుసటి వసంతం చూడకుండానే అతడు పోయాడు.

పోయినవాళ్ళకోసం శుక్రవారాలు నూనెలో పల్చని రొట్టెలు వేయిస్తారు అక్కడ. రొట్టెలు తినేది బతికున్నవాళ్ళే. పోయినవాళ్ళకు చేరేది వాసన. ఇంట్లోంచి వాసన లేవకపోతే వాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడి, మనవాళ్ళు మమ్మల్ని మరిచారని బాధపడి వెళ్ళిపోతారంటారు. కుల్యాష్ ఏ శుక్రవారమూ తప్పించలేదు. రొట్టె పొంగి, వాసన చూరుదాకా లేచేసరికి పైన చప్పుడు మొదలయ్యేది. ఉన్నిబూటు మెత్తని దానిమీద ఆనినట్లు ఒక్కొక్క అడుగు. తలుపువైపునుంచి పొగగొట్టం దాకా. అక్కడ ఆగిపోయేది. వెనక్కి వచ్చిన చప్పుడు ఆమె ఎన్నడూ వినలేదు.

మొదట్లో భయపడింది. తరువాత అలవాటుపడింది. ఆపైన, ఎవరితోనూ అనలేదు కాని, ఆ చప్పుడుకోసం ఎదురుచూసేది కూడా.

ఈ ఏటి వసంతంలో ఆమెకు దగ్గు పట్టుకుంది. పొడిగా, చిన్నగా, గొంతులో ఏదో వెంట్రుక అడ్డుపడినట్లు. మొదటిసారి దగ్గగానే ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టేసింది. అది తన దగ్గు కాదు. తొలెగెన్ దగ్గు. ఆ ఇంట్లో ఆమె ఎన్నో ఏళ్ళు విన్న దగ్గే ఇప్పుడు ఆమె నోటినుంచి వస్తున్నది.

అప్పుడే నిశ్చయించుకుంది, మంచు పడకముందే ఈ ఇల్లు వదలాలని. దక్షిణాన సరస్సు దగ్గరి పట్టణంలో చెల్లెలు ఒక అద్దెగదిలో ఉంటున్నది. "ఇల్లు అమ్ముకొని రా అక్కా, ఇద్దరం కలిసి ఒక చోటు చూసుకుందాం" అని ఎన్నాళ్ళనుంచో పిలుస్తున్నది. ఇల్లు అమ్ముడుపోకుండా వెళ్ళే దారి లేదు. అమ్ముడుపోకపోతే ఇంకొక శీతాకాలం, కిటికీలన్నీ బిగించి, ఆ అటక కిందే పడుకోవాలి.

కొనేవాళ్ళను తెచ్చింది మరిది సెయిల్‌బెక్. ఇప్పటికీ కర్మాగారంలోనే పనిచేస్తున్నాడు.

"బేరం కుదిరినట్టే వదినా! దక్షిణాదినుంచి వచ్చారు, కొత్త జంట. కుర్రాడికి మా దగ్గర బండి తోలే పని దొరికింది. ఈ ఇంటి వెచ్చదనం గురించి నేను నోరు విప్పనేలేదు, ఊరే చెప్పేసింది."

"అటక సంగతి చెప్పావా?"

సెయిల్‌బెక్ టోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు.

"అటకలో ఏముంది చెప్పడానికి? ఊళ్ళో ఏ అటకమీద లేదు? రోడ్డు కింద పోసింది అదే, నాకు అన్నం పెట్టేది అదే. ఇల్లు కొనేవాడు అడిగేది పొయ్యి పొగ లాగుతుందా, బావిలో నీళ్ళున్నాయా అని. ఎవరూ అడగని ప్రశ్నకు నువ్వు జవాబు వెతుక్కోకు."

"ఆ పిల్ల కడుపుతో ఉందంటున్నారు."

"మంచిదేగా! పిల్లలు తిరిగే ఇల్లవుతుంది. వదినా, ఒక్క మాట. మా అన్న నీ దగ్గర మాట తీసుకున్నాడు. మరిచిపోకు."

జంట ఇల్లు చూడటానికి మిట్టమధ్యాహ్నం వచ్చింది. కుర్రాడు ఎర్దెన్, పొడుగ్గా, ప్రతి గుమ్మం దగ్గరా తల వంచుకుంటూ నడిచాడు. అతని భార్య ఝనార్ ఒక చేత్తో నడుము పట్టుకొని గదిగదికీ తిరిగింది. బిడ్డ పుట్టకముందే ఉయ్యాల నిలపకూడదు కనుక అత్తవారింటి పాత ఉయ్యాలను గుడ్డలో చుట్టి బండిలోనే ఉంచానని చెప్పింది. పొగగొట్టాన్ని ఆనుకొని ఉన్న చిన్నగదిలోకి వెళ్ళి ఆగిపోయింది.

"పిన్నీ, ఈ గది బాగుంది. ఇక్కడే వేస్తాను ఉయ్యాల. ఎండ చూడండి ఎలా పడుతోందో!"

కిటికీలోంచి వాలిన ఎండలో ఏదో మెరుస్తున్నది. పైకప్పు పలకల సందులోనుంచి సన్నని పోగులు దిగుతున్నాయి. గాలి లేదు. అవి పడటమూ లేదు. దిగి, సగంలో నిలిచి, ఎవరో మెల్లగా ఊపిరి తీసినట్లు ఒక్కసారిగా ఒక వైపుకు మళ్ళాయి.

"బంగారపు పొడిలా ఉంది కదూ!" అంటూ ఝనార్ అరచెయ్యి చాపింది.

కుల్యాష్ రెండంగల్లో వెళ్ళి తెర లాగేసింది. గది చీకటైంది.

"ఎండకు చాపలు వెలిసిపోతాయి తల్లీ" అంది. ఆ అబద్ధం తన గొంతులోనే ఎక్కడో రాసుకుపోయినట్లయి, దగ్గింది.

పైన ఒక అడుగు పడింది. ఝనార్ తల ఎత్తి చూసింది.

ఇల్లు చేతులు మారేటప్పుడు పాత యజమానురాలు ఆ పొయ్యిమీద చివరిసారి రొట్టెలు వేయించి, కొత్తవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని ఆశీర్వదించాలి. ఆ తరువాతే కాగితాలు. ఆశీస్సు లేని ఇంట్లోకి ఎవరూ సామాను దింపరు. అరచేతులు తమవైపు తిప్పుకొని పలికితే అది ఆశీస్సు. వెలుపలికి తిప్పి పలికితే, అవే మాటలైనా, శాపం. కుల్యాష్ కొత్తకోడలిగా ఉన్నప్పుడు అత్తగారు ఒక మాట చెప్పింది: కడుపులో ఒకటి దాచుకొని ఆశీర్వదించబోతే చేతులు వాటంతట అవే తిరిగిపోతాయని, తన మేనత్తకు అలాగే జరిగిందని. కుల్యాష్ అప్పుడు నవ్వుకుంది.

శుక్రవారం అందరూ వచ్చారు. బల్ల చుట్టూ ఎర్దెన్, ఝనార్, సెయిల్‌బెక్ కూర్చున్నారు. సాక్షిగా బికెన్ వచ్చింది, వెన్న గిన్నె తెచ్చుకొని.

"పొయ్యి మాత్రం పండగలాంటిది అమ్మాయ్," అంటున్నది బికెన్ ఝనార్‌తో. "నీ మొగుడు బయటికి పోతానన్నా వెచ్చదనం పోనివ్వదు. నా మొగుణ్ణయితే ఎంత బొగ్గు వేసినా మంచం దింపలేకపోయాను!"

"బికెన్, చిన్నపిల్లముందు ఏం మాటలే అవి?"

"చిన్నపిల్లా? ఆ పొట్ట ఎలా వచ్చిందట!"

అందరూ నవ్వారు. కుల్యాష్ నవ్వుతూనే చివరి రొట్టెను నూనెలోంచి తీసింది. వాసన లేచింది. నవ్వు ఆగిన చోట, అందరికీ వినబడేటట్లు, పైన నడక మొదలైంది. ఒక అడుగు. ఇంకొకటి. ఎర్దెన్ సెయిల్‌బెక్‌వైపు చూశాడు. సెయిల్‌బెక్ చాయ్ గిన్నెలోకి చూశాడు. అడుగులు సరిగ్గా పొగగొట్టం పైకి వచ్చి ఆగాయి.

"కానివ్వు వదినా," అన్నాడు సెయిల్‌బెక్ తొందరగా. "చల్లారిపోతాయి."

కుల్యాష్ చేతులు ఎత్తింది. తక్కినవాళ్ళూ అరచేతులు తమ ముఖాలవైపు తిప్పుకొని ఎత్తారు.

"ఈ పొయ్యి మీకు ఆరకుండుగాక," అని మొదలుపెట్టింది. "ఈ కప్పు కింద..."

కప్పు అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఎదురుగా ఝనార్ కళ్ళు మూసుకొని ఉంది. తలగుడ్డమీద, పొట్టమీద, ఎత్తిన అరచేతుల్లో, సన్నని మెరుపుపోగులు మెల్లగా వాలుతున్నాయి. అప్పుడు తన మణికట్లలో ఏదో కదలిక తోచింది కుల్యాష్‌కు. ఎవరో చల్లని వేళ్ళతో పట్టుకొని, నొప్పి కలగకుండా, ఓపికగా తిప్పుతున్నట్లుంది. చూస్తూ ఉండగానే ఆమె అరచేతులు తననుంచి తొలగి, ఆ అమ్మాయివైపు తిరుగుతున్నాయి.

బికెన్ మోచెయ్యి తగిలి వెన్న గిన్నె బల్లమీద దొర్లింది.

కుల్యాష్ చేతులు రెండూ లాక్కొని ఒడిలోకి దూర్చేసుకుంది.

"ఆశీర్వదించలేను," అంది. "ఝనార్, లే తల్లీ. ఆ చోటునుంచి లే. ఈ ఇంటి అటకమీద రాతినార ఉంది. మోకాలెత్తున ఉంది. మా ఆయన కర్మాగారంనుంచి తెచ్చి పరిచాడు. ఆ దుమ్మే అతని ఊపిరితిత్తుల్ని రాయి చేసింది. ఇప్పుడు నా గొంతులోకి వచ్చింది. నువ్వు ఉయ్యాల వేస్తానన్న గదిలో పగలూ రాత్రీ అదే రాలుతుంది. బంగారం కాదమ్మా అది."

ముందుగా సెయిల్‌బెక్ నవ్వాడు. ఆ నవ్వు అతికినట్లు లేదు.

"ఇల్లు వదలాలంటే బెంగ మా వదినకు. ఏవేవో అంటుంది. ఎర్దెన్, నువ్వేం పట్టించుకోకు తమ్ముడూ, ఊరంతా..."

"నేను చూస్తాను," అన్నాడు ఎర్దెన్.

"ముక్కుకు తడిగుడ్డ కట్టుకో," అంది కుల్యాష్. "గుమ్మం దగ్గరే నిలబడి చూడు. లోపల అడుగు పెట్టకు."

నిచ్చెన వసారాలో ఉంది. అతడు ఎక్కడం, అటక తలుపు మూలగడం కిందివాళ్ళకు వినిపించాయి. ఆ తరువాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. దిగివచ్చినప్పుడు అతని మోచేతులు తెల్లగా ఉన్నాయి, ముఖం అంతకంటే తెల్లగా ఉంది.

"పిన్నీ, పైన ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. ఆయన పోయాక ఆ తలుపు తీసినవాళ్ళు లేరు."

"అడుగుజాడలున్నాయి. కొత్తగా పడ్డట్టున్నాయి. గుమ్మం దగ్గరనుంచి పొగగొట్టం దాకా వెళ్ళాయి." అతడు మళ్ళీ వసారావైపు చూశాడు. "తిరిగి వచ్చిన జాడ లేదు."

సెయిల్‌బెక్ టోపీ తలమీద పెట్టుకొని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు.

"ఆ చొక్కా దులపకు నాయనా," అంది కుల్యాష్. "విప్పి నీళ్ళలో ముంచు. దులిపితే గాలిలోకి లేస్తుంది. నేను ఎన్నో ఏళ్ళు దులిపాను."

ఝనార్ లేచి గుమ్మందాకా వెళ్ళి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగింది.

"పిన్నీ, మేము అడగలేదు కదా. చెప్పకపోయినా మాకు తెలిసేది కాదు."

"నీ బిడ్డ దగ్గితే నీకు జలుబు అనిపిస్తుంది. నేను ఎంత దూరాన ఉన్నా దాన్ని గుర్తుపడతాను."

రొట్టె ముట్టకుండా ఎవరింటినుంచీ వెళ్ళకూడదు. ఝనార్ ఒకసారి పైకప్పువైపు చూసింది, ఒకసారి పళ్ళెంవైపు చూసింది. ఆఖరున పళ్ళెం అంచున ఉన్న రొట్టెను తీసుకొని, వాకిట్లోకి వెళ్ళి, ఆరుబయట నిలబడి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. వాళ్ళ బండి వెళ్ళిపోయింది. దాంతోపాటు సరస్సు దగ్గరి పట్టణమూ వెళ్ళిపోయిందని కుల్యాష్‌కు తెలుసు.

అందరూ వెళ్ళాక ఆమె పొయ్యి పక్కన నిలబడి తల ఎత్తింది.

"విన్నావుగా. చెప్పేశాను. దొంగ అని నేను అనలేదు, చలికి భయపడ్డాడన్నాను అనుకో. కోపమొస్తే దిగివచ్చి నాతో చెప్పు. ఆ పిల్లజోలికి మాత్రం పోకు."

పైన చప్పుడు కాలేదు. దిగివచ్చినవాళ్ళూ లేరు. కాని పొగగొట్టం పక్కన, పలకల సందులో, అంతవరకు తెగకుండా రాలుతున్న మెరుపు ఆగిపోయింది. ఆమెకు అది అడుగుల చప్పుడు కంటే ఎక్కువ భయం కలిగించింది.

మరునాడే ఆమె మంచమూ పరుపులూ పెరట్లోని వేసవి వంటగదిలోకి మార్చుకుంది. అది మట్టిగోడల చిన్నగది. రెల్లు, మట్టి తప్ప దాని కప్పుమీద మరేమీ లేదు. చలి దూరుతుంది. గాలి అరుస్తుంది. అయినా అక్కడ పడుకొని పైకి చూస్తే, ఉన్నది కప్పే. తరువాత సున్నం కలుపుకొని వీధిగేటు దగ్గరకు వెళ్ళింది. "ఇల్లు అమ్మబడును" అని సెయిల్‌బెక్ రాసిన మాట కింద, అంతే పెద్ద అక్షరాలతో, "అటకమీద రాతినార ఉన్నది" అని రాసింది.

మొదట వచ్చింది బికెన్.

"నీ ఇంటి గుట్టు నువ్వు చెప్పుకుంటే చెప్పుకో. మా ఇళ్ళ నెత్తిన సున్నం పూయడమెందుకే? ఇక ఈ వీధిలో ఎవడైనా ఇల్లు కొంటాడా?"

"నేను మీ ఇళ్ళ మాట రాయలేదుగా."

"రాయక్కర్లేదు! నీదానిమీద ఉంటే నాదానిమీద లేదా? ఒకే గేటులోంచి, ఒకేలాంటి కోటు కింద తెచ్చారు మన మొగుళ్ళిద్దరూ!"

ఆ మాట తన నోటినుంచే వచ్చాక బికెన్ తానే ఉలిక్కిపడ్డట్లు ఆగింది. గేటు దఢాలున వేసి వెళ్ళిపోయింది. సెయిల్‌బెక్ రావడం మానుకున్నాడు. దారిలో ఎదురైనవాళ్ళు పలకరించకుండా ముఖం తిప్పుకొని పోయారు. ఇల్లు చూడటానికి మరెవరూ రాలేదు. చెల్లెలు ఫోనులో ఏడ్చింది. కుల్యాష్ వేసవి వంటగదిలో పొయ్యి రాజేసుకొని, రాత్రిళ్ళు దగ్గుతూ, పగళ్ళు కిటికీలోంచి తన ఇంటిని చూస్తూ గడిపింది.

మంచు పడింది. వీధిలోని కప్పులన్నీ ఒకే తెలుపయ్యాయి. పొయ్యి వెలిగించని కుల్యాష్ ఇంటిమీద మాత్రం, పొగగొట్టం చుట్టూ ఒక మనిషి కూర్చునేంత చోటు, మంచు నిలవకుండా నల్లగా ఉండిపోయింది. ఎంత కురిసినా అక్కడ కరిగిపోయేది. ఆ చోటును వీధి అంతా చూసింది. ఒక ఉదయం బికెన్ పెరట్లో, గోడకు నిచ్చెన వేసిన చప్పుడైంది. ఎవరో ఎక్కారు. చాలాసేపు పైనే నిలబడ్డారు. దిగారు. మధ్యాహ్నం అవతలి ఇంట్లో ఇంకొక నిచ్చెన గోడకు ఆనింది.

చీకటి పడబోతుండగా వేసవి వంటగది తలుపును ఎవరో కాలితో తట్టారు. కుల్యాష్ తీసింది. మంచులో బికెన్ నిలబడి ఉంది. రెండు చేతులనిండా మడిచిన బొంత, దానిమీద దిండు. తడిగుడ్డ ఇంకా మెడ చుట్టూనే ఉంది.

"చోటుందా?" అంది, లోపలికి చూడకుండా.

"ఇరుకు."

"ఇరుకైతే ఏం? నేను గోడవైపు పడుకుంటాను. నువ్వు గురక పెడతావని నాకు ముందే తెలుసు."

కుల్యాష్ పక్కకు జరిగింది. బికెన్ లోపలికి వచ్చి, బూట్లకంటిన మంచును గడపకు తట్టుకొని, బొంతను పొయ్యి పక్కన పరిచింది. తలుపు మూసేటప్పుడు కుల్యాష్ ఒకసారి వీధివైపు చూసింది. వెచ్చని ఇళ్ళు వరుసగా, చీకటిగా నిలబడి ఉన్నాయి. వాటి వెనుక పెరళ్ళలో, ఇక్కడొకటి అక్కడొకటి, వేసవి వంటగదుల గొట్టాలలోంచి పొగ లేవడం మొదలైంది.